బోటు కూతకు ఓటీపీ

"ఇక మీదట కొల్లేటి లంకల్లో ఒక్క ప్రాణం కూడా పడవ కోసం ఎదురుచూస్తూ పోదు. మీరు ఫోను కొట్టిన ఏడో నిమిషానికి బోటు మీ గుమ్మం ముందుంటుంది" అని మంత్రి అబ్బాయిరాజు గారు ప్రకటించగానే కైకలూరు అవతలి రేవులో జనం చప్పట్లు కొట్టారు. ఏడే ఎందుకు, ఎనిమిది ఎందుకు కాదని ఎవరూ అడగలేదు. ఏలూరు నుంచి కారులో వస్తూ మంత్రిగారు స్వయంగా ఆలోచించి పెట్టిన అంకె అది. ఆయన స్వయంగా ఆలోచించిన సందర్భాలు తక్కువ కాబట్టి ఆ అంకెను అందరూ గౌరవించారు.

బోటు కొత్తది. పక్కన 'కొల్లేటి భరోసా' అని రాసి ఉంది. వెనక నలభై హార్స్ పవర్ అవుట్‌బోర్డ్ ఇంజిన్. అంటే పడవ కడుపులో కాకుండా వెనక చెక్కకి తగిలించి, కాలు మాత్రం నీళ్లలోకి దించే రకం. దాన్ని నడపడానికి హెన్రీని పెట్టారు.

హెన్రీ కాకినాడలో వేటబోట్ల దగ్గర ఎనిమిదేళ్లు ఇలాంటి ఇంజిన్లే విప్పి బిగించాడు. పెళ్లయ్యాక భార్య రమ్యతో అత్తగారి ఊరికి, ఈ రేవు పక్కకే వచ్చేశాడు. ఇప్పుడు చేస్తున్నది మూణ్ణెల్ల ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. నెలాఖరుకి ప్రత్యేకాధికారి గారు ఫైలు మీద 'ఏ ఆరోపణా లేదు' అని మూడు మాటలు రాస్తే ఏడాది పొడిగిస్తారు. రాయకపోతే మళ్లీ కాకినాడ. రమ్యకి ఏడో నెల. ఆ మూడు మాటల కోసం హెన్రీ ప్రతి ఆదివారం చర్చిలో విడిగా ఒక ప్రార్థన చేసుకుంటున్నాడు.

మంత్రిగారు బోటు ఎక్కారు. ప్రత్యేకాధికారి క్రాంతి కుమార్ గారు ఎక్కారు. మంత్రిగారి వీడియోల పని చూసుకునే తాడేపల్లిగూడెం కుర్రనాయకుడు సూర్యతేజ ఫోను పైకెత్తి పట్టుకుని ఎక్కాడు. బోటు రెండు వందల గజాలు వెళ్లిందో లేదో, ఇంజిన్ "కూ..." అని ఆపకుండా ఒకటే కూత అందుకుంది.

హెన్రీ చటుక్కున వెనక్కి తిరిగి చూశాడు. ఇంజిన్ వెనక నుంచి సన్నటి నీటిధార పడుతూ ఉండాలి. పడటం లేదు.

"ఏమిటయ్యా ఆ శబ్దం?" అన్నారు మంత్రిగారు.

హెన్రీ నోరు తెరిచేలోపే క్రాంతి కుమార్ గారు అందుకున్నారు. "సైరనండి సర్. లేటెస్ట్ మోడల్."

"అదీ! మనం వస్తున్నట్టు జనానికి తెలియాలి కదా. నా కారుకి తీసేయించారు. పోనీలే, బోటుకైనా మిగిలింది."

సూర్యతేజ ఆ కూతని దగ్గర నుంచి రికార్డు చేశాడు. హెన్రీ బోటుని మెల్లగా తిప్పి రేవుకి చేర్చాడు. మంత్రిగారు దిగి వెళ్లాక ఇంజిన్ ఆపి, కాలు పైకి లేపి చూశాడు. నీళ్లు పీల్చుకునే జల్లెడకి రెండు గుప్పెళ్ల నాచు, రొయ్యల మేత సంచి ముక్క ఒకటి చుట్టుకుని ఉన్నాయి. తీసేసి మళ్లీ స్టార్ట్ చేశాడు. ధార వచ్చింది గాని, నీరసంగా వచ్చింది. పది నిమిషాలకి మళ్లీ కూత.

మర్నాడు హెన్రీ ఏలూరు వెళ్లి ఆఫీసులో క్రాంతి కుమార్ గారిని కలిశాడు.

"సార్, అది సైరన్ కాదండి. వార్నింగ్ అలారం."

"సైరన్ అని మంత్రిగారికి చెప్పేశాం కదా హెన్రీ."

"చెప్పామండి. ఇంజిన్‌కి తెలీదు కదండి."

క్రాంతి కుమార్ గారు విషయం తెలుసుకోవాలనే తపన ఉన్న మనిషి. పెన్ను తీసి, "వివరంగా చెప్పు" అన్నారు.

"కారుకున్నట్టు దీనికి రేడియేటర్ ఉండదండి. కొల్లేటి నీళ్లే పీల్చుకుని, ఒళ్లు చల్లబరచుకుని, వెనక నుంచి వదిలేస్తుంది. ఈ ఇంజిన్ ఆగి ఆగి కూసిందంటే ఆయిల్ తక్కువని. ఆపకుండా కూసిందంటే వేడెక్కిందని. కూత వినగానే ముందు ఆ ధార చూసుకోవాలండి. ధార లేకపోతే ఇంజిన్ ఆపేసి జల్లెడ శుభ్రం చేసుకోవాలి. చేసినా సన్నంగానే వస్తుందంటే లోపల నీళ్లు తోడే రబ్బరు చక్రం అరిగిందన్నమాటండి."

"కొత్త బోటుకి అరగడమేంటి?"

"ప్రారంభోత్సవం నాలుగుసార్లు వాయిదా పడింది కదండి. అన్నిసార్లూ రేవు దగ్గర బురదలో రిహార్సల్ చేయించారు. ఆ బురద తిని అరిగిందండి."

"ఆ ధారని మీ టెక్నికల్ భాషలో ఏమంటారు?"

కాకినాడ రేవులో దానికొక మాట ఉంది. ఆఫీసరు గారి ముందు ఆ మాట అనడానికి హెన్రీకి నోరు రాలేదు. "నీటిధార అనే రాసుకోండి సార్" అన్నాడు. "చక్రం చేతికొస్తే అరగంట పనండి. కాకినాడలో దొరుకుతుంది. నేనే పోయి పట్టుకొచ్చేస్తాను."

క్రాంతి కుమార్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "నువ్వే పోయి పట్టుకొచ్చేస్తావా? ప్రభుత్వం అంటే కూరల సంత అనుకున్నావా? ఇండెంట్ పెట్టాలి, దాని మీద కమిటీ కూర్చోవాలి. మూణ్ణెల్లు పడుతుంది." తర్వాత ఆయన మొహం వెలిగింది. "ఒక ఉపాయం చెబుతాను. నువ్వు ఉద్యోగిగా అడిగితే మూణ్ణెల్లు. పౌరుడిగా అడిగితే నలభై ఎనిమిది గంటలు. సోమవారం కింద కౌంటర్లో ప్రజల అర్జీలు తీసుకుంటారు. అక్కడ పెట్టెయ్. ప్రజల అర్జీ అంటే మాకు నిద్ర పట్టదు."

ఇంత సుళువైన దారి ఉండగా ఇన్నాళ్లూ తాను ఉద్యోగి కావడానికి ఎందుకు తంటాలు పడ్డాడో హెన్రీకి అర్థం కాలేదు. సోమవారం అందరికన్నా ముందే వెళ్లి వరసలో నిలబడ్డాడు. అతని ముందు నలభై మంది పౌరులున్నారు.

కౌంటర్లో సాజిదా అని ఒకమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుంది. పొద్దున అర్జీలు ఎక్కించేదీ, మధ్యాహ్నం నుంచి బోటు హెల్ప్‌లైన్ ఫోను ఎత్తేదీ ఆ అమ్మాయే. హెన్రీ చెప్పిందంతా ఓపిగ్గా విని, "ఏ కేటగిరీ కింద పెట్టమంటారండి?" అంది.

"ఇంజిన్ రిపేరండి."

"ఇంజిన్ లేదండి. పింఛను, రేషన్, భూమి, రోడ్లు, కుక్కలు, శబ్ద కాలుష్యం. ఇవే ఉన్నాయి."

"ఇతరములు అని ఉంటది కదండి?"

"ఉండేదండి. అందరూ అందులోనే పెడుతున్నారని తీసేశారు. ఇంతకీ మీ ఇంజిన్ ఏం చేస్తుందండి?"

"కూస్తుందండి."

"అయితే శబ్ద కాలుష్యం."

"అబ్బే, కూత మంచిదేనండి. కూతకి కారణం..."

"కూత మంచిదైతే అర్జీ దేనికండి?"

వెనక నుంచి ఒక ముసలాయన, "నాయనా, కాస్త తొందరగా కానీ, నాది కుక్కల కేటగిరీ, నీదానికంటే అర్జెంటు" అన్నాడు. హెన్రీ సర్దుకుపోయే మనిషి. సరేనన్నాడు. అర్జీ నంబరు నాలుగు వందల పదిహేడు అని కాగితం చేతికొచ్చింది.

ప్రభుత్వ యంత్రాంగం నిదానమని ఎవరైనా అంటే నమ్మకూడదు. నలభై ఎనిమిది గంటలు కాకుండానే, బుధవారం పొద్దున్నే వెంకట్రాజు గారనే అధికారి డెసిబెల్ మీటరు పట్టుకుని రేవులో దిగారు. గుండుగొలనులో ఒక పెళ్లి బ్యాండు సంగతి తేల్చి, అటు నుంచి అటే వచ్చారు. హెన్రీ అత్తగారు మార్తమ్మ అప్పటికి చేపల గంపలు దించి తన దోనెలో కూర్చుని ఉంది. ముప్పయ్యేళ్లుగా ఆ దోనె మీదే గెడ వేసి లంకలన్నీ తిరుగుతోంది. ఆవిడ ఆయన్ని పైకీ కిందకీ చూసింది.

హెన్రీ ఇంజిన్ స్టార్ట్ చేశాడు. పది నిమిషాలకి కూత మొదలైంది. వెంకట్రాజు గారు మీటరు చూసి కళ్లజోడు సవరించుకున్నారు.

"ఎనభై రెండు! ఏవండీ, ఇది పక్షుల అభయారణ్యమండీ. ఇక్కడ ఈ శబ్దం చాలా పెద్ద నేరం. ఎవరండీ ఈ బోటు నడిపేది?"

"నేనేనండి."

"అర్జీ పెట్టిందెవరు?"

"నేనేనండి."

వెంకట్రాజు గారు తన సర్వీసులో ఎన్నో తగాదాలు చూశారు గాని రెండు పక్షాలూ ఇంత వెంటనే హాజరైన కేసు చూడలేదు. ముచ్చటపడి హెన్రీ మీద హెన్రీ పెట్టిన అర్జీకి హెన్రీ పేర నోటీసు రాసి, హెన్రీ చేత రెండుచోట్ల సంతకం పెట్టించారు.

"రాజీకి వస్తారా మరి?"

"ఇద్దరూ ఒక కంచంలోనే తింటారు బాబూ, వచ్చేస్తార్లెండి" అంది మార్తమ్మ దోనెలోంచి.

రాజీ ప్రకారం శబ్దం ఆగాలి. వెంకట్రాజు గారు స్క్రూడ్రైవర్ తెప్పించి, తీగలన్నీ వెతికి, అలారానికి వెళ్లే తీగ పట్టుకుని పుటుక్కున లాగేశారు. కూత ఆగింది. మీటరు ముల్లు బుద్ధిగా కిందకి దిగింది.

"అయ్యా, వేడెక్కిందని చెప్పడానికే అది కూసేదండి" అన్నాడు హెన్రీ.

"నా మీటరు వేడి చూడదండీ. శబ్దమే చూస్తుంది."

మార్తమ్మ లేచి నిలబడింది. ఆఫీసులో హెన్రీ అనలేకపోయిన మాట ఆవిడ గట్టిగా అనేసింది. "ఆ ఇంజిను ఒంటేలు పోసుకోటల్లేదయ్యా! ఒంటేలు రాక గుక్కపట్టి ఏడ్చే బిడ్డకి నోరు మూసేస్తే రోగం తగ్గుద్దా?"

"అది ఆరోగ్య శాఖ కిందకొస్తుందమ్మా" అన్నారు వెంకట్రాజు గారు ఎంతో మర్యాదగా. ఆ క్షణానే హెన్రీ ఫోను టింగుమంది. "ఆఁ, వచ్చింది చూడండి. ఆరంకెల ఓటీపీ. అది చెబితే మీ అర్జీ పరిష్కారమైనట్టు."

హెన్రీ ఫోను వంక చూసి, "చక్రం వచ్చాక చెబుతానండి" అన్నాడు. ఒక ఆఫీసరుకి ఎదురు చెప్పడం అతని జీవితంలో అదే మొదలు. వెంకట్రాజు గారు పక్కకెళ్లి ఏలూరుకి ఫోను చేశారు. రెండు నిమిషాల్లో హెన్రీ ఫోను మోగింది.

"హెన్రీ గారూ, బావున్నారా?" అన్నారు క్రాంతి కుమార్ గారు.

ఆయన నోట 'గారూ' వినగానే హెన్రీ తెలీకుండానే నిలబడ్డాడు.

"ఏమీ లేదండీ. ఈ విడతలో మిగతా అర్జీలన్నీ పరిష్కరించేశాం. మీదొక్కటే మిగిలింది. అదైతే వంద శాతం. ఇక మీ పొడిగింపు ఫైలు నా టేబుల్ మీదే ఉందండీ. అయితే అర్జీ తెరిచి ఉన్నంతకాలం మీ మీద నోటీసూ తెరిచే ఉంటుంది కదా. నోటీసు ఉన్న మనిషికి 'ఏ ఆరోపణా లేదు' అని నేనెలా రాయను, మీరే చెప్పండి?"

హెన్రీ గట్టు మీద ఇంటి వైపు చూశాడు. రమ్య నడుం మీద చెయ్యి పెట్టుకుని బట్టలు ఆరేస్తోంది. అతను ఆరంకెలూ ఒక్కొక్కటే చదివాడు.

"థాంక్యూ హెన్రీ" అన్నారు క్రాంతి కుమార్ గారు. 'గారూ' ఓటీపీతో పాటే వెళ్లిపోయింది.

ఆ తర్వాత రెండు వారాలూ హెన్రీ ఆ ఇంజిన్‌ని బాలింతని చూసుకున్నట్టు చూసుకున్నాడు. కూత లేదు కాబట్టి మెడ వెనక్కి తిప్పి ధార వంకే చూస్తూ నడిపేవాడు. ధార సన్నబడగానే ఆపి, కాలు పైకెత్తి, నాచు తీసి, ఇంజిన్ చల్లారేదాకా కూర్చుని మళ్లీ బయల్దేరేవాడు. దగ్గర లంకకి నలభై నిమిషాలు పట్టేది. మార్తమ్మ దోనె గెడేసుకుంటూ అతన్ని దాటిపోతూ, "ఏవండీ అల్లుడుగారూ, వెనకే చూసి నడుపుతున్నారు, ముందుకెళ్లే ఉద్దేశం లేదా?" అనేది. హెల్ప్‌లైన్ లెక్కలో మాత్రం ప్రతి బోటూ ఏడు నిమిషాల లోపే బయల్దేరింది. బయల్దేరడం వరకే రాసుకుంటారు.

నెలాఖరుకి రెండు రోజుల ముందు పెద్ద కబురు వచ్చింది. వంద శాతం అర్జీలు పరిష్కరించినందుకు క్రాంతి కుమార్ గారికి సన్మానం. మామూలుగా హాల్లో కాదు. కొల్లేటి నడిమధ్యలో, బోటు మీద, వెనక గూడబాతులు కనబడేలాగ. మంత్రిగారే స్వయంగా శాలువా కప్పుతారు. హెన్రీ ఫైలు మీద సంతకం సన్మానం కాగానే అని కబురుతో పాటే చెప్పించారు.

ఆ రోజు మళ్లీ ఆ ముగ్గురే ఎక్కారు. సూర్యతేజ ఈసారి పాటలకని బ్లూటూత్ స్పీకర్ కూడా తెచ్చాడు. బోటు కదిలింది. మంత్రిగారు కాసేపు చెవులు రిక్కించి విన్నారు.

"ఏమయ్యా, సైరన్ ఏది?"

క్రాంతి కుమార్ గారి మొహం పాలిపోయింది. మంత్రిగారికి నచ్చింది సైరన్. ఇప్పుడు సన్మానం ఆ సైరన్ తీయించినందుకు. ఆయన సూర్యతేజ వైపు చూశారు. సూర్యతేజ అలాంటి చూపులకి అలవాటుపడ్డవాడు. ఫోన్లో పాత వీడియో వెతికి, స్పీకర్‌కి కలిపి, సౌండు పెంచాడు.

"కూ..."

"ఆఁ! ఇప్పుడు బోటులా ఉంది" అన్నారు మంత్రిగారు.

హెన్రీకి ఆ కూత వినగానే అలవాటుగా మెడ తిరిగింది. ధార లేదు. చుక్క కూడా లేదు.

"సార్, ఇంజిన్ ఆపాలండి."

"దేనికి?" అన్నారు క్రాంతి కుమార్ గారు.

"అలారం వస్తుందండి."

"అది నా స్పీకరన్నా" అన్నాడు సూర్యతేజ నవ్వుతూ.

"స్పీకరైనా నిజమే చెబుతుందండి."

హెన్రీ చెయ్యి స్విచ్చి మీదకి వెళ్లింది. క్రాంతి కుమార్ గారు ఆ చేతి మీద ఆప్యాయంగా తన చెయ్యి వేశారు. "ఒక్క నిమిషం హెన్రీ. పక్షులు ఫ్రేములోకి వస్తున్నాయి. ఆ తర్వాత మన ఇద్దరి సంతకాలే."

హెన్రీ ఆ ఒక్క నిమిషం ఆగాడు. మంత్రిగారు శాలువా విప్పారు. గూడబాతులు సరిగ్గా చెప్పినచోటికే వచ్చాయి. శాలువా క్రాంతి కుమార్ గారి భుజాల మీద పడిన క్షణాన ఇంజిన్ లోపల 'టక్' మంది. బోటు నీళ్ల మీద మెత్తగా ఆగిపోయింది. కాలిన రబ్బరు వాసన, తెల్లటి పొగ పైకి లేచాయి.

"పొగ కూడా ఏర్పాటు చేశారా! స్టేజి మీదలాగ ఉంది" అన్నారు మంత్రిగారు.

మూడు ఫొటోలు తీసుకున్నాక, ఇక పోదామన్నారు. హెన్రీ ఇంజిన్ స్టార్ట్ చేసే తాడు పట్టి లాగాడు. తాడు రాయికి కట్టినట్టుంది.

"ఇంజిన్ పట్టేసిందండి" అన్నాడు.

స్పీకర్ మాత్రం కూస్తూనే ఉంది. సూర్యతేజ ధైర్యం తెచ్చుకుని, "మన హెల్ప్‌లైన్ ఉంది కదండి!" అని నంబరు కొట్టి, కొల్లేటి మధ్యలో నలుగురు చిక్కుకున్నారని చెప్పాడు. బోటు ఏడు నిమిషాల్లో వస్తుందని సాజిదా హామీ ఇచ్చింది. అతను ఫోను పెట్టగానే హెన్రీ జేబులో ఫోను మోగింది.

"హెన్రీ గారాండి? కొల్లేటి మధ్యలో నలుగురు చిక్కుకుపోయారటండి. బోటు పంపాలి."

"బోటు ఇక్కడే ఉందండి, వాళ్ల దగ్గరే."

"అప్పుడే చేరిపోయారా! అర నిమిషం అని రాసుకుంటున్నానండి. ఇదే రికార్డు" అంది సాజిదా సంతోషంగా.

ఆ పొగ చూసి వచ్చింది మార్తమ్మ. దోనెని బోటు పక్కకి తెచ్చి, ముగ్గురు పెద్దమనుషుల్నీ, శాలువానీ, ఇంజిన్‌నీ వరసగా చూసింది.

"నోరు మూశారుగా. మొత్తానికి మూసుకుంది" అంది. తర్వాత తాడు విసిరింది. "కట్టండి అల్లుడుగారూ."

ముందు దోనె, వెనక బోటు. చేపల గంపల మధ్య నిలబడి మార్తమ్మ గెడ వేస్తుంటే, వెనక కుర్చీలో మంత్రిగారు నిటారుగా కూర్చున్నారు. సైరన్ వినబడి రేవంతా జనం పోగయ్యారు. అందరూ చప్పట్లు కొట్టారు. మంత్రిగారు దిగగానే మైకు అందుకుని, చుక్క పెట్రోలు కాలకుండా సంప్రదాయం ముందు నడవగా సాంకేతికత వెనక నడిచే ఈ విధానం తాము ఎంతోకాలంగా ఆలోచిస్తున్నదేనని చెప్పారు. మర్నాడు అన్ని పేపర్లలోనూ ఫొటో వచ్చింది.

క్రాంతి కుమార్ గారు మాట తప్పే మనిషి కాదు. ఇంజిన్ పాడవడం మీద విచారణ కూడా తానే జరిపి, 'ప్రమాదానికి ముందు ఇంజిన్ నుంచి ఎటువంటి హెచ్చరికా వెలువడలేదు. కావున డ్రైవరు నిర్లక్ష్యం లేదు. ఏ ఆరోపణా లేదు' అని రాసి సంతకం పెట్టారు. హెన్రీకి ఏడాది పొడిగించారు. రమ్య ఆ కాగితాన్ని బైబిల్లో దాచింది. కాగితంతో పాటు బ్లూటూత్ స్పీకర్ ఒకటి కూడా ఇచ్చారు. రోజూ దానికి ఛార్జింగ్ పెట్టడం, కాల్ వచ్చినప్పుడు తప్పనిసరిగా మోగించడం హెన్రీ బాధ్యత.

సోమవారం మధ్యాహ్నం సాజిదా ఫోను చేసింది. పెద్ద లంకలో ఒక ముసలమ్మకి ఒళ్లు కాలిపోతోంది, తీసుకురావాలి. హెన్రీ స్పీకర్ చంకన పెట్టుకుని వెళ్లి మార్తమ్మ దోనెలో ఎక్కాడు. రెండో గెడ తీసుకున్నాడు. స్పీకర్ గంపల మధ్య పెట్టి నొక్కాడు. ఆరో నిమిషంలోనే బయల్దేరారు.

"కూ..."

"దాని నోరు కట్టెయ్యండి అల్లుడుగారూ, కొంగలు లేచిపోతున్నాయి" అంది మార్తమ్మ.

"కట్టకూడదత్తయ్యా. ఆర్డరు."

కొంతదూరం వెళ్లాక ఫోను టింగుమంది. గెడ ఒక చేత్తో ఆపి హెన్రీ మెసేజ్ చదువుకున్నాడు. 'అర్జీ నం. 417. మీరు ఫిర్యాదు చేసిన ఇంజిన్ నుంచి ప్రస్తుతం ఎటువంటి శబ్దమూ రావడం లేదని క్షేత్రస్థాయిలో నిర్ధారించడమైనది. పరిష్కారం పట్ల మీరు సంతృప్తి చెందినట్లయితే ఒకటి నొక్కండి.'

హెన్రీ అలవాటుగా మెడ వెనక్కి తిప్పి చూశాడు. రేవులో కట్టేసిన బోటు కదలకుండా ఉంది. ఇంజిన్ మీద ఒక కొంగ నిద్రపోతోంది.

నిజమే రాశారు. అతను ఒకటి నొక్కాడు.